వీధి పిల్లికి జబ్బు చేస్తే: చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు

విజయనగరంలో సిరిమాను పండగ వెళ్ళిన వారం. మా వీధిలో మోటారు సైకిళ్ళ కింద పడుకునే బూడిదరంగు పిల్లి రెండు రోజులుగా లేవడం లేదు. కళ్ళు పుసులు కట్టి అతుక్కుపోయాయి. ముక్కు కారుతోంది. పక్కింటి మామ్మగారు పాలు పెడితే వాసనైనా చూడలేదు. "ఏటమ్మా, ఇది బతుకుతాదంటావా?" అని ఆవిడ అడిగారు. ఆ రోజు నా పర్సులో ఉన్నవి 800 రూపాయలు. జీతం రావడానికి ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ పిల్లి బతికింది. అంతకు రెండేళ్ళ ముందు ఇంకో పిల్లి నా చేతుల్లోనే పోయింది. ఒళ్ళు కాలుతోందని, ఇంట్లో పిల్లల కోసం ఉంచిన పారాసిటమాల్ సిరప్పు దానికి పట్టాను. మనుషుల కాలేయం ఆ మందును విరిచేసినట్టు పిల్లి కాలేయం విరవలేదు. రక్తం ఆక్సిజన్ మోసే గుణం పోగొట్టుకుని గోధుమరంగుకి తిరుగుతుంది. మూతి వాస్తుంది, ఊపిరి ఆడదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు నాకు తెలిసింది, మందు ఖర్చు లేకుండా పనైపోయిందనే.

అందుకే ముందు చెప్పేస్తున్నాను. ఉన్న కాస్త డబ్బూ డాక్టరు చేత చూపించడానికీ, ఆయన రాసిన మందుకీ పెట్టండి. తిండి, వెచ్చదనం, శుభ్రం మన ఓపికతో అయ్యే పనులు. వాటికి పెద్ద ఖర్చు లేదు. మందుల షాపులో "పిల్లికి ఏదైనా ఇవ్వండి" అని అడిగి కొన్నది మాత్రం డబ్బు దండగ, చాలాసార్లు ప్రాణాంతకం కూడా.

పట్టుకోకముందు పది నిమిషాలు చూడండి

జాలి వేయగానే చేయి చాపేస్తాం. ఆగండి. నాలుగడుగుల దూరంలో కూర్చుని చూడండి, వీలైతే ఫోనులో వీడియో తీయండి. ఆసుపత్రిలో భయపడిన పిల్లి జబ్బంతా దాచేస్తుంది. అక్కడ డాక్టరుకు మీ వీడియోనే ఎక్కువ చెబుతుంది.

ఊపిరి లెక్కపెట్టండి. అర నిమిషంలో పక్కటెముకలు ఎన్నిసార్లు పైకి లేచాయో చూసి రెట్టింపు చేయాలి. ఊరికే పడుకున్న పిల్లికి నిమిషానికి 20 నుంచి 30 మామూలు. 40 దాటితే, లేదా కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే, ఇంట్లో చేసేదేమీ లేదు, వెంటనే బయలుదేరాలి.

అలా వెంటనే బయలుదేరాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుంటోంది, అరుస్తోంది, చుక్క రావడం లేదు అంటే దారి మూసుకుపోయినట్టు. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఆముదం పట్టే ప్రయత్నం చేస్తారు. మూర్ఛ, నోటి నుంచి నురగ, ఒళ్ళు వణుకు ఉంటే విషం తిని ఉండొచ్చు. మందు తిన్న ఎలుకను తిన్నా అలా కావచ్చు. పుండులో పురుగులు, ఆగని రక్తం, చిగుళ్ళు తెల్లగానో పచ్చగానో ఉండటం, ఒళ్ళు చల్లబడటం, చిన్న కూన వాంతులు చేసుకుంటూ వాలిపోవడం కూడా ఈ జాబితాలోవే.

కళ్ళు కారడం, తుమ్ములు, ఒక కాలు కుంటడం, వెంట్రుకలు ఊడటం వంటివైతే మర్నాడు పొద్దున వరకు ఆగొచ్చు. తింటూ ఉండాలి, అది షరతు. రెండు రోజులు ఏమీ తినని పిల్లికి ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి, అదే వేరే జబ్బుగా మారే ప్రమాదం ఉంది. మనలా ఉపవాసాలు పిల్లికి పడవు.

ఇంకొక్క పని. అది ఆడపిల్లి అయితే పొట్ట కింద చూడండి. చన్నులు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు తడిసి ఉంటే ఎక్కడో కూనలున్నాయి. అటక మీదో, పాత సామాన్ల గదిలోనో, ఎవరి మేడ మీదో. వాటిని వెతక్కుండా తల్లిని తీసుకుపోతే ఒక ప్రాణానికి నాలుగు ప్రాణాలు పోతాయి. చుట్టుపక్కల నాలుగిళ్ళలో అడగండి. ఎవరైనా పెంచుకుంటున్న పిల్లా అన్నది కూడా అప్పుడే తేలిపోతుంది.

పట్టుకోవడం, పెట్టెలో పెట్టడం

పిల్లులను తీసుకెళ్ళే బుట్ట కొనకండి. వందలు పోతాయి. కూరగాయల వాళ్ళ దగ్గర ఉండే చిల్లుల ప్లాస్టిక్ ట్రేలు రెండు అడిగి తెచ్చుకోండి. ఒకదాని మీద ఇంకోటి బోర్లించి నాలుగు మూలలా పురికొసతో గట్టిగా కడితే సరిపోతుంది. గాలి ఆడుతుంది, కడగడం తేలిక. అడుగున పాత కాగితాలు, మీద గోనెపట్టా. అట్టపెట్టె కూడా పనికొస్తుంది కానీ పిల్లి భయంతో మూత్రం పోస్తే అడుగు నాని ఊడిపోతుంది. నాకు ఒకసారి ఆటోలో, సరిగ్గా మూడు లాంతర్ల కూడలి దగ్గర, అలాగే ఊడింది. ఆటో అతను బండి ఆపి దిగిపోయాడు. పిల్లి దిగలేదు, సీటు కింద దూరింది.

పెట్టెలో ఏదైనా వాసన వచ్చే తిండి పెట్టి, నిశ్శబ్దంగా కూర్చోండి. ఎండు నెత్తళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి ఉప్పు పోగొట్టినవి బాగా పనిచేస్తాయి. తిండి ముట్టనంత సుస్తీగా ఉన్న పిల్లి అయితే మందపాటి తువ్వాలు మీద వేసి, తలతో సహా కప్పి, ఒంటిని మొత్తం చుట్టి ఎత్తాలి. పెద్ద పిల్లిని మెడ మీది చర్మం పట్టుకుని వేలాడదీయకండి. తల్లి అలా మోసేది కూనలనే.

కరిచినా, గీరి రక్తం వచ్చినా పిల్లి సంగతి పక్కన పెట్టి ముందు కుళాయి కింద చేయి పెట్టండి. సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని మరీ కడగండి, మనకు రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తాయి. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి ఏవీ అద్దొద్దు. తర్వాత దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబీస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. అక్కడ ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేసే ఇంకో ఇంజెక్షన్ కూడా అవసరం, అడగండి. "పిల్లే కదా" అనుకోవద్దు. రేబీస్ పిల్లి ద్వారా కూడా వస్తుంది, వచ్చాక మందు లేదు. గొంతు మారిపోయి, చొంగ కారుస్తూ, తూలుతూ, కారణం లేకుండా మీద పడే పిల్లిని అసలు పట్టుకోకండి. పశువుల ఆసుపత్రికి చెప్పండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలి

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పిల్లుల డాక్టరని బోర్డు పెట్టుకున్నవాళ్ళు తక్కువ. కానీ పశువుల ఆసుపత్రిలో ఉన్న డాక్టరు చదివినది అన్ని జంతువుల వైద్యమూ. గేదెల మధ్య పిల్లిని పట్టుకుని నిలబడటానికి మొహమాటపడకండి. నాకు మొదటిసారి పక్కనున్న రైతు "దీనికి కూడానా" అని నవ్వాడు, తర్వాత ఆయనే పెట్టె పట్టుకున్నాడు.

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఉన్నవాళ్ళు ముందు ప్రభుత్వ పశువుల ఆసుపత్రికే వెళ్ళండి. చూపించడానికి దాదాపు ఖర్చుండదు. మందులు అక్కడ ఎక్కువగా పశువుల కోసం ఉంచినవి కాబట్టి, పిల్లికి కావలసినవి బయట కొనమని రాసివ్వొచ్చు. పొద్దున్నే వెళ్తే డాక్టరుకి తీరిక ఉంటుంది, మధ్యాహ్నానికి ఊళ్ళకి వెళ్ళిపోవచ్చు.

కష్టమైన కేసులకు గరివిడి ఉంది. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పనిచేసే పశువైద్య కళాశాల అక్కడే ఉంది. కళాశాల ఆసుపత్రిలో విద్యార్థులు, వాళ్ళకు నేర్పే డాక్టర్లు కలిసి చూస్తారు. ఎముక విరగడం, ఆపరేషన్, పరీక్షలు వంటివాటికి ప్రైవేటు వైపు చూసే ముందు అక్కడ అడగడం మంచిది. గరివిడి రైల్వే స్టేషన్ విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్, అంటే ఆమదాలవలస, వెళ్ళే దారిలోనే ఉంది కాబట్టి రెండు వైపుల వాళ్ళకూ అందుబాటే. బయలుదేరే ముందు ఫోను చేసి ఆ రోజు చూస్తారో లేదో కనుక్కోండి. సెలవు రోజున జబ్బు పిల్లితో అంత దూరం వెళ్ళి తిరిగి రావడం కన్నా ఘోరం లేదు.

పల్లెల్లో ఉంటే సచివాలయం పశుసంవర్ధక సహాయకుణ్ణి రైతు సేవా కేంద్రంలో కలవండి. ఆయన పిల్లికి పూర్తి వైద్యం చేయలేకపోవచ్చు. ప్రథమ చికిత్స చేయగలరు, డాక్టరుతో ఫోనులో మాట్లాడించగలరు. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. అది ముఖ్యంగా ఆవులు, గేదెలు, గొర్రెల కోసం తిరిగే బండి. పిల్లి కోసం వస్తుందన్న ఆశ పెట్టుకోకుండా, సలహా అడగడానికి చేయండి. విశాఖలో 1996 నుంచి ఉన్న వీఎస్పీసీఏ అనే సంస్థ గాయపడిన వీధి జంతువులను చూస్తుంది. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్ల ప్రయాణం. పిల్లి తట్టుకుంటుందో లేదో చూసుకుని, ముందు మాట్లాడాకే వెళ్ళాలి.

డాక్టరుతో డబ్బు సంగతి మాట్లాడటం

ఇక్కడ చాలామంది సిగ్గుపడతారు. నేనూ పడ్డాను. ప్రైవేటు క్లినిక్‌లో ఒకసారి అడిగినవన్నీ ఒప్పుకుని, బిల్లు చూశాక మూడో రోజు మందు మానేశాను. యాంటీబయాటిక్ అలా సగంలో ఆపేయకూడదు.

ఇప్పుడు లోపలికి వెళ్ళగానే చెప్పేస్తాను: "సార్, ఇది వీధి పిల్లి. నా దగ్గర ఇంత ఉంది. ఇందులో దీనికి ఏది తప్పనిసరో అది చేయండి." ఏ డాక్టరూ కోప్పడలేదు. పరీక్ష చేయాలంటే, "దాని ఫలితాన్ని బట్టి మందు మారుతుందా?" అని అడగండి. మారదంటే, ఆ డబ్బు మందుకే పెట్టమని అడగొచ్చు. బ్రాండు పేరుకు బదులు మందు పేరు రాయమనండి. పిల్లులకు వాడే డాక్సీసైక్లిన్ లాంటివి మనుషుల మందులే కాబట్టి జనౌషధి కేంద్రంలో చాలా చవగ్గా దొరుకుతాయి. మాత్రలో ఎన్నో వంతు, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నది కాగితం మీద రాయించుకోండి.

మందు బరువును బట్టే ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న కాటా గేదెలదైతే మీరే తూకం చేసుకుని వెళ్ళండి. కిరాణా కొట్టులో బియ్యం తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టెతో సహా ఒకసారి, ఖాళీ పెట్టె ఒకసారి. మా బూడిదరంగుది 2 కిలోల 600 గ్రాములు. కొట్టతను బిల్లు కొట్టబోయి ఆగాడు.

మాత్ర మింగించడానికి వీల్లేనంత అడవిగా ఉన్న పిల్లికి, ఒకసారి వేస్తే రెండు వారాలు పనిచేసే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఉంది. ఖరీదు ఎక్కువే. రోజూ మాత్ర కోసం కొట్లాడి నాలుగో రోజు వదిలేసేకన్నా చవకే అవుతుంది ఒక్కోసారి. దొరుకుతుందేమో అడగండి.

ఇంట్లో చోటు

మెట్ల కింద గది, వాడని బాత్రూము, ఇంటి వెనక షెడ్డు ఏదైనా చాలు. తలుపు మూయడానికి వీలుండాలి. మేడ మీద వద్దు, మన ఎండకి రేకు కింద మనిషే ఉండలేడు. ఇంట్లో వేరే పిల్లి ఉంటే రెండూ కలవకూడదు, గిన్నెలు కలవకూడదు, మీరు చేతులు కడుక్కోకుండా అటూ ఇటూ తిరగకూడదు.

దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పక్కకి పడేసి పెట్టండి. మూత్రానికి పాత ప్లాస్టిక్ బేసిన్‌లో ఏటి ఇసుకో, ఊకో, రంపపు పొట్టో వేస్తే చాలు. ఇసుక అయితే ముందు ఎండబెట్టండి. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ బేసిన్ శుభ్రం చేయకూడదు. పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. మిగతావాళ్ళు రోజూ తీసేసి చేతులు సబ్బుతో కడుక్కుంటే భయం లేదు.

నేల కడగడానికి ఫినాయిల్, డెటాల్ వాడొద్దు. పిల్లి ఆ నేల మీద నడిచి కాళ్ళు నాక్కుంటుంది, ఆ రెండూ దానికి విషమే. సబ్బునీళ్ళు చాలు.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో జబ్బు పిల్లికి చలి చాలా ప్రమాదం. ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. కావాలంటే దూరం జరిగేంత చోటు ఉండాలి. ఒళ్ళు చల్లగా ఉన్న కూనకు ముందు వెచ్చదనం, తర్వాతే తిండి. చల్లటి కూనకి పాలు పట్టిస్తే అరగవు, కొన్నిసార్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తినిపించడం

జబ్బు పిల్లిని బతికించేదాంట్లో సగం ఇదే. ముక్కు మూసుకుపోయిన పిల్లికి ఆకలి ఉన్నా తినదు. దానికి వాసన రాకపోతే తిండి తిండిలా అనిపించదు. కాబట్టి ముందు ముక్కు. కాచి చల్లార్చిన నీళ్ళలోనో, సెలైన్‌లోనో దూది తడిపి ముక్కు మీది చీమిడి పెచ్చులు నానబెట్టి తుడవాలి. గీకకూడదు. తలుపు మూసిన బాత్రూములో బకెట్ వేడినీళ్ళ ఆవిరి నిండేలా చేసి, పిల్లిని పెట్టెతో సహా పది నిమిషాలు ఆ గదిలో ఉంచండి, మీరూ పక్కనే ఉండండి. ఆవిరి నీళ్ళలో విక్స్, అమృతాంజనం, కర్పూరం వేయొద్దు. కర్పూరం పిల్లికి విషం.

తర్వాత తిండి. ఎముకలు లేని కోడిమాంసం, ఉప్పు కారం లేకుండా ఉడికించి, వేళ్ళతో నలిపి, ఉడికిన నీళ్ళతోనే పలచగా చేసి గోరువెచ్చగా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. అంటే మన కూరలోంచి తీసిన ముక్క కడిగి పెట్టినా లాభం లేదు. మూడు కిలోల పిల్లికి రోజుకి ఉడికిన మాంసం 100 గ్రాములు, కొంచెం అటూ ఇటూ. రోజుల తరబడి తినని పిల్లికి మొదటి రోజే అంతా పెట్టకండి, పావు వంతుతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజుల్లో పెంచండి. రోజుకి నాలుగైదుసార్లు, చెంచాడు చెంచాడు. పెద్ద పిల్లికి పాలు వద్దు. చాలా పిల్లులకు అరగక విరేచనాలు అవుతాయి, అసలే ఒంట్లో నీరు లేనిదానికి అది ఇంకా నష్టం. మామ్మగారిని ఒప్పించడానికి నాకు వారం పట్టింది.

కోడి షాపులో సాయంత్రం మిగిలే చిన్న చిన్న తెగముక్కలు అడగండి. "పిల్లికి" అంటే చాలామంది డబ్బు తీసుకోరు. అందులో లివరు ఎక్కువ ఉంటే కొద్దిగానే వాడండి.

సూది తీసేసిన 5 ఎంఎల్ సిరంజితో నీళ్ళో సూపో పట్టొచ్చు, కానీ మింగే ఓపిక ఉన్న పిల్లికే. పిల్లిని బోర్లా కూర్చోబెట్టి, తల పైకెత్తకుండా, నోటి పక్కన పళ్ళ వెనక ఖాళీలోంచి ఒకసారికి పావు చెంచా కంటే తక్కువ. మింగాక మళ్ళీ. వెల్లకిలా పట్టుకుని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మత్తుగా పడి ఉన్నదానికి నోట్లో ఏమీ పోయకండి. దానికి కావలసింది చర్మం కింద ఎక్కించే సెలైన్. మెడ వెనక చర్మం పైకి లాగి వదిలితే వెంటనే వెనక్కి పోకుండా గుడారంలా నిలబడితే నీరు బాగా తగ్గిపోయినట్టు. అప్పుడు ఆసుపత్రిలో ఆ సెలైన్ ఎక్కించమని అడగండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న వైద్యం ఏదంటే నేను దాన్నే చెబుతాను.

మందు వేయడం

తువ్వాల్లో చంటిబిడ్డను చుట్టినట్టు నాలుగు కాళ్ళూ లోపలే ఉండేలా చుట్టండి. మాత్రను కోడి లివరు ముక్కలో దాచి ముందు ఖాళీ ముక్క, తర్వాత మాత్ర ముక్క, వెంటనే ఇంకో ఖాళీ ముక్క పెట్టండి. డాక్సీసైక్లిన్ మాత్ర అయితే తర్వాత కనీసం 5 ఎంఎల్ నీళ్ళు పట్టడం తప్పనిసరి. ఆ మాత్ర గొంతులో అతుక్కుంటే అన్నవాహిక పుండై ముడుచుకుపోవచ్చు, అప్పుడు గట్టి తిండి మింగలేదు. నీరసంగా ఉన్న పిల్లికి ఆ నీళ్ళు కూడా కొద్దికొద్దిగానే.

కంటి చుక్కల విషయంలో ఒక జాగ్రత్త. మనుషుల కోసం ఇంట్లో మిగిలిన చుక్కల్లో చాలావాటిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. జలుబు చేసిన పిల్లి కంటిలో పుండు ఉంటే స్టెరాయిడ్ దాన్ని పెంచి కన్ను పోగొడుతుంది. సీసా మీద పేరు డాక్టరుకి చూపించాకే వేయండి. కళ్ళు తుడిచేటప్పుడు ఒక కంటికి ఒక దూది. ముక్కు దగ్గర నుంచి బయటికి.

ఇంట్లో మంచిదనుకుని వాడి ప్రాణం తీసేవి ఇంకా ఉన్నాయి. పారాసిటమాల్ గురించి చెప్పాను. డోలో, క్రోసిన్ అన్నా అదే. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ సొంతంగా ఇవ్వకూడదు. కుక్కల పేలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి పడితే ఒళ్ళంతా వణికి మూర్ఛ వస్తుంది. కిరోసిన్, టర్పెంటైన్ కూడా అంతే. గేదె పుండుకు టర్పెంటైన్ వేస్తే పురుగులు రాలతాయి కాబట్టి పిల్లికీ వేస్తారు. గేదె ఒళ్ళు నాక్కోదా అంటే నాక్కుంటుంది, కానీ పిల్లిలా రోజంతా కాదు, పైగా దాని బరువు వేరు.

తరచూ కనిపించే జబ్బులు

జలుబు. మా బూడిదరంగు పిల్లికి వచ్చినది ఇదే. హెర్పిస్, కాలిసి అనే వైరస్‌లు దీనికి ఎక్కువగా కారణం. ఇవి మనుషులకు అంటవు. మామూలుగా వైరస్‌కు నేరుగా మందు వాడకపోయినా దాని మీద పడే బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్ ఇస్తారు. మిగతాది ఆవిరి, తిండి, కళ్ళు తుడవడం. పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. నోట్లో పుళ్ళు ఉంటే తినేటప్పుడు అరిచి పారిపోతుంది, అది మొండితనం అనుకోకండి, నొప్పికి డాక్టరు ఇవ్వగలిగే మందులున్నాయి.

గజ్జి. చెవుల అంచుల నుంచి మొదలై మొహమంతా బూడిద పెచ్చులు కడుతుంది. కంటికి కనిపించని పురుగు కారణం. మీకూ దురద రావచ్చు, కొన్నాళ్ళలో తగ్గుతుంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మన దగ్గర అలవాటు, చేయకండి. డాక్టరు బరువు చూసి వేసే ఇంజెక్షనో, మెడ మీద వేసే చుక్కలో రెండు మూడు విడతల్లో అద్భుతంగా పనిచేస్తాయి. అన్నిటికంటే చవగ్గా, పూర్తిగా నయమయ్యేది ఇదే. మొహం చూసి అసహ్యించుకుని జనం తరిమేసేదీ దీన్నే.

పిల్లుల పార్వో. కూనల్లో వాంతులు, రక్త విరేచనాలు, ఒక్కరోజులో వాలిపోవడం. వైద్యం లేకపోతే చాలా కూనలు బతకవు, చేసినా కొన్ని పోతాయి. ఆసుపత్రిలో సెలైన్, వాంతి ఆగే మందు, యాంటీబయాటిక్ తప్ప దారి లేదు. ఈ వైరస్ నేల మీద ఏడాది వరకు ఉండగలదు. అది ఉన్న గదిలో ఇంకో కూనను పెట్టకండి. పిల్లిని తీసేశాక మామూలు బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకి 32 వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, కడిగేయండి.

కొట్లాట గడ్డ. మగపిల్లులకు బుగ్గ మీదో, తోక మొదట్లోనో వాచి చీము పడుతుంది. డాక్టరు కోసి చీము తీసేస్తే రెండు రోజుల్లో లేచి తిరుగుతుంది. ఇంటి దగ్గర సెలైన్‌తో, లేదా టీ డికాషన్ రంగు వచ్చేంత పలచన చేసిన బెటాడిన్‌తో కడగండి. పసుపు, కచిక కూరితే పైన మూసుకుపోయి లోపల చీము నిలుస్తుంది.

లెక్క

ఆ బూడిదరంగు పిల్లికి పద్నాలుగు రోజులకు నేను రాసుకున్నది: ఆటో 200, మందులు 340, కంటి చుక్కలు 95, దూది, సిరంజిలు, సెలైన్ కలిపి 130, కోడిమాంసం 350. మొత్తం 1,115. మాంసంలో సగం షాపతను ఊరికే ఇచ్చాడు. మామ్మగారు 200 ఇచ్చారు. నా పర్సులోంచి పోయింది 740.

అంతకంటే పెద్ద ఖర్చు పడేలా ఉంటే వీధిలో అడగండి. పదిమంది యాభై చొప్పున ఇచ్చినా ఆపరేషన్‌లో ఒక భాగం అవుతుంది. అడిగేటప్పుడు డాక్టరు రాసిన కాగితం ఫోటో, తర్వాత బిల్లు ఫోటో అందరికీ పంపండి. రెండోసారి అడగాల్సి వస్తే ఆ ఫోటోలే మాట్లాడతాయి. అప్పు చేసి మాత్రం వద్దు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళూ ఉంటారు.

నడుము విరిగి, మూత్రం మీద పట్టు పోయి, నొప్పితో అరుస్తున్న పిల్లి విషయంలో డాక్టరు నొప్పి లేకుండా నిద్రపుచ్చుదామంటే వినండి. అక్కడే ఉండండి, తువ్వాలు కప్పి ఉంచండి. ఇంటికి తెచ్చి పది రోజులు చూసుకున్నదాన్ని ఒంటరిగా వదలొద్దు.

తిరిగి వదిలేటప్పుడు

మందుల కోర్సు పూర్తయి, మూడు రోజులుగా తనంతట తానే తింటూ, ముక్కు పొడిగా ఉంటే వదలొచ్చు. పట్టుకున్న వీధిలోనే వదలాలి. ఊరి చివర తోటలో వదిలితే హాయిగా బతుకుతుందనుకుంటాం. కానీ దాని దారులు, దాక్కునే చోట్లు, తిండి దొరికే గడపలు అన్నీ పాత వీధిలోనే ఉంటాయి. కొత్తచోట అక్కడి పిల్లులు తరుముతాయి.

వదిలే ముందు రేబీస్ టీకా వేయించండి. జూలై 6న జరిపే జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల) దినం సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో ఉచిత టీకా శిబిరాలు పెడుతుంటారు, అప్పటిదాకా ఆగగలిగే పిల్లి అయితే ఆ రోజు తీసుకెళ్ళండి. ఆడపిల్లి అయితే, బాగా కోలుకున్నాక, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతి గరివిడిలోనో మీ డాక్టరు దగ్గరో అడగండి. పిల్లి గర్భం తొమ్మిది వారాలే, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. ఇప్పుడు చేసే ఒక్క ఖర్చు వచ్చే ఏడాది మోటారు సైకిళ్ళ కింద కనిపించే పది కూనల ఖర్చు తప్పిస్తుంది.

వదిలాక వారం పాటు అదే వేళకి, అదే చోట కొంచెం తిండి పెట్టి చూడండి. హెర్పిస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు. వానలకో, కొట్లాటలకో మళ్ళీ ఒక కన్ను కారడం, నాలుగు తుమ్ములు రావడం జరుగుతుంది. తింటూ, గోడలెక్కుతూ ఉంటే ఊరుకోండి. తిండి దగ్గరికి రాని మొదటి రోజున మాత్రం ట్రేలు, పురికొస మళ్ళీ దించండి. మా బూడిదరంగుది మూడు నెలలకి ఒకసారి తుమ్ముతుంది. ట్రే కనిపిస్తే చాలు, ఇప్పటికీ మామ్మగారి మేడెక్కి కూర్చుంటుంది.